వకీలా నోట రాని పేరు

ఖుష్నుమా గుమ్మం ముందు పోలీసు కూర్చున్న రోజు నుంచి వకీలాకి అన్నం సయించడం మానేసింది.

మా కాలనీలో పోలీసంటే గుమ్మం తన్నేవాడే గాని గుమ్మం ముందు కూర్చునేవాడు కాదు. అలాంటిది ఈయన బుద్ధిగా నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తుపాకి ఒళ్ళో పెట్టుకుని, ఖుష్నుమా కాల్చిన రొట్టెలు తింటూ ఆమెకి కాపలా కాస్తున్నాడు. కోర్టు ఉత్తర్వట. వకీలా మా కొట్టుకి ఉప్పు కోసం వచ్చి, ఉప్పు సంగతి మర్చిపోయి ఆ కుర్చీ వంకే చూస్తూ నిలబడింది.

"దాని ఇంట్లో ఏం నిధి ఉందని ఆపా, కాపలా? రెండు గిన్నెలూ ఒక మేకాను."

"కేసు వదులుకోమని దాన్ని బెదిరిస్తున్నారటే," అన్నాను.

"నన్నెవరూ బెదిరించరేం? నేనేం తక్కువా?"

నవ్వేశాను. తరవాత నాకే నవ్వు చప్పబడిపోయింది. ఆమె నిజంగానే అడిగింది.

వకీలా, ఖుష్నుమా, నేను, ముగ్గురం దౌలత్‌ఖేడా వాళ్ళమే. అల్లర్లప్పుడు ఊళ్ళో మావాళ్ళ ఇళ్ళు తగలబెడుతుంటే చెరకు తోటల్లో పడి పారిపోయాం. ముందు శిబిరంలో ఉన్నాం, ఆ తరవాత ఈ కాలనీ. ఆ పరుగులోనే వాళ్ళిద్దరినీ తోటలో పట్టుకున్నారు. ఒకే తోట, ఒకే సాయంత్రం. పట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళో కాదు, చెరకు నరికితే వీళ్ళకి కూలి ఇచ్చేవాళ్ళే. అంతకు మించి నేను చెప్పను. వాళ్ళూ మాకు అంతే చెప్పారు.

శిబిరానికి ఇన్‌స్పెక్టరు వస్తే, ఖుష్నుమా తనని పట్టుకున్న ఇద్దరి పేర్లూ చెప్పింది. వాళ్ళ తండ్రుల పేర్లు చెప్పింది. ఎవడి ఇంటి ముందు ఏ రంగు ట్రాక్టరు ఉంటుందో కూడా చెప్పింది. ఆమె కేసు నిలబడింది. తంటా అంతా వకీలా దగ్గరే వచ్చింది.

వకీలా మొగుడి అసలు పేరు యామీన్. పుట్టినప్పుడు రాగి రంగు జుట్టు ఉందని భూరా అని పిలిచారు, ఆ పేరే నిలిచిపోయింది. మాలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. అందులో వకీలాది మరీ చాదస్తం. మెత్తగా పొడి చేసిన చక్కెరని మేం బూరా అంటాం, నెయ్యి పోసి అన్నంలో కలుపుకుంటాం. అది కూడా మొగుడి పేరులాగే వినబడుతుందని ఆమె ఆ మాట అనదు.

"ఆ తెల్లది కాస్త ఇవ్వు ఆపా," అంటుంది.

"సున్నమా?" అని ఏడిపిస్తాను.

తోటలో ఆమెని పట్టుకున్నవాడి పేరు కూడా భూరాయే. ఊరి సర్పంచిని మేం ప్రధాన్ అంటాం, వీడు ఆయన తమ్ముడు. మా వైపు ఆ పేరుకి మతం లేదు, వీధికొక భూరా ఉంటాడు.

"ఎవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముస్కాన్ అబ్బా పేరేదో వాడి పేరూ అదే, సాబ్," అంది వకీలా. ముస్కాన్ ఆమె కూతురు.

"అంటే నీ మొగుడా?" ఇన్‌స్పెక్టరు పక్కనున్న రైటరు వైపు తిరిగి పకపకా నవ్వాడు. "రాసుకోవయ్యా, మొగుడి మీద కేసట!"

"ఛీ ఛీ, ఆయన కాదు! ఆ పేరు గలవాడు. ప్రధాన్ తమ్ముడు."

"ప్రధాన్‌కి నలుగురు తమ్ముళ్ళు. పేరు చెప్పు."

వకీలా కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చెప్పబోతే, "నువ్వు చూశావా? చూడలేదు కదా, నోర్ముయ్," అన్నాడు. యామీన్ అప్పుడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. లేచాక కుంటుకుంటూ స్టేషనుకి పోయి ఆ పేరు చెప్పాడు. "రాసేశాం, పో," అన్నారు. రాసింది 'గుర్తు తెలియని వ్యక్తి' అని. కొన్నాళ్ళకి ఫైలు మూసేశారు. ఆ ఇన్‌స్పెక్టరుకి ప్రమోషను వచ్చిందని తరవాత విన్నాం.

అప్పటి నుంచీ వకీలాకి ఖుష్నుమా అంటే ఒళ్ళు మంట. ఖుష్నుమా ఇంటికి కారు వస్తే మంట. లాయరమ్మ బిస్కట్లు తెస్తే మంట. ఖుష్నుమా కోర్టుకి బురఖా ఇస్త్రీ చేయించుకుంటే అదీ మంటే. ఈ కుర్చీ వచ్చాక ఇక చెప్పక్కర్లేదు.

చివరికి చేతి పంపు దగ్గర పేలింది. వకీలా బిందె పెట్టబోతే, ముందు కానిస్టేబులుకి ఒక చెంబు పట్టుకుంటానంది ఖుష్నుమా.

"పట్టుకోవే మహారాణీ, పట్టుకో! నీకేం, పోలీసులు, కార్లు, ఢిల్లీ లాయర్లు. నాకు పేరులోనే వకీలుంది, బయట ఎవడూ లేడు."

ఖుష్నుమా చెంబు కింద పెట్టింది.

"కుర్చీ కావాలా భాభీ? తీసుకుపో. కార్లు కూడా తీసుకుపో. ప్రతి వాయిదాకీ వాళ్ళ లాయరు నన్ను అడిగేవి, 'ఎందుకు అరవలేదు, ఎటు తిరిగి పడ్డావు' అని, అవీ మూట కట్టి తీసుకుపో. బదులు నాకేమిస్తావ్? నీ మొగుణ్ణిస్తావా?"

"ఏమన్నావే?"

"నావాడు శిబిరానికి చేరిన రోజే నన్ను వదిలేసి పోయాడు. నీవాడు నీ కాళ్ళకి నూనె రాస్తాడని కాలనీ అంతా చెప్పుకుంటుంది. అన్ని పేర్లు గడగడా ఎలా చెప్పానో తెలుసా? దాచుకోవడానికి నాకో పేరంటూ మిగల్లేదు భాభీ. నిన్ను చూసి నేనెంత కుళ్ళుకుంటానో నీకేం తెలుసు!"

తనని చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉంటారని వకీలాకి తెలీదు. ఆ మాటకి ముందు ఆమె మొహం వెలిగింది, అబద్ధం ఎందుకు. తరవాత బిందె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వారమే లాయరమ్మ రుచిరా వస్తే, పిలవకుండానే ఖుష్నుమా ఇంట్లోకి పోయి, "నాదీ రాయండి," అంది. మూసిన ఫైలు తెరవమని కోర్టుని అడగొచ్చు, మెజిస్ట్రేటు ముందు చెప్పొచ్చు అంది లాయరమ్మ. "కానీ పేరు మాత్రం నీ నోటితో నువ్వే పలకాలి."

చాలా తిరిగాక ఆ రోజు వచ్చింది. పొద్దున్నే బస్సు కోసం మొగుడూ పెళ్ళాం మా కొట్టు ముందు నిలబడ్డారు. వకీలా కొట్టు గుంజ పట్టుకుని వదల్లేదు.

"నా వల్ల కాదు. పేరు పలికితే ఈయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది."

యామీన్ పరుపుల దూది ఏకే మనిషి, మాట తక్కువ. మెల్లగా అన్నాడు: "ఇవాళ్టి నుంచి నేను భూరాని కాదు. ఆ పేరు వాడికే వదిలేశా. నేను యామీన్‌ని. నువ్వు పలికేది నా పేరు కాదు, వాడిది."

తరవాత నా వైపు తిరిగాడు. "నువ్వూ అలా పిలవకు ఆపా. పిలిస్తే పలకను."

నాకు కుదురు ఉండదు కదా. అతను బస్సు వైపు నడుస్తుంటే వెనక నుంచి, "భూరా!" అని కేకేశాను. పుట్టినప్పటి నుంచి పలికిన పేరు. భుజాలు ఉలిక్కిపడ్డాయి. తల మాత్రం తిప్పలేదు.

సాయంత్రం తిరిగొచ్చి వకీలా మా కొట్టులోనే అంతా నటించి చూపించింది. తలుపులు వేశారట. ఎవరని మెజిస్ట్రేటు అడిగితే మళ్ళీ కొంగు నోట్లో కుక్కుకుందట. అప్పుడు కిటికీలోంచి, వరండాలో తన కోసం కూర్చున్న ఖుష్నుమా కనబడిందట, పక్కన ఆ తుపాకీ ఆయన.

"అది అన్ని పేర్లు చెప్పింది, నేను ఒక్కటి చెప్పలేనా అని ఒళ్ళు మండిపోయింది ఆపా. భూరా అని అరిచా. మెజిస్ట్రేటు చేతిలో పెన్ను పడిపోయింది. ప్రధాన్ తమ్ముడు భూరా అన్నా. మళ్ళీ భూరా అన్నా. 'ఒక్కసారి చాలమ్మా' అన్నాడు. 'మీకు చాలు సాబ్, నాకు చాలదు' అన్నా."

ఆ భూరా ఇంకా దొరకలేదు. పరారీలో ఉన్నాడని పోలీసులంటారు. మొన్న ఒక పెళ్ళిలో డోలు ముందు ఎగురుతుంటే చూసినవాళ్ళున్నారు. ఆ ఇన్‌స్పెక్టర్ని ఎందుకలా రాశావని అడిగిన నాథుడు లేడు. ముసుగు కట్టుకున్న ఇద్దరు మాత్రం మోటారు సైకిలు మీద వచ్చి, వకీలా తలుపు కొట్టి, కూతురు ఏ బడికి పోతుందో అడిగి వెళ్ళారు. అది విన్నాక కోర్టు ఆమెకీ ఒక కానిస్టేబుల్ని ఇచ్చింది.

నిన్న కొట్టుకి వచ్చింది వకీలా. "అర కిలో బూరా ఇవ్వు ఆపా," అని వీధంతా వినబడేలా అడిగింది. నేను తూస్తుంటే తన గుమ్మం వైపు, ఖుష్నుమా గుమ్మం వైపు మార్చి మార్చి చూసింది.

"చూశావా అన్యాయం? దానికి తుపాకి ఉన్నవాణ్ణిచ్చారు. నాకు ఉత్త లాఠీవాడు."

పంపు దగ్గర నుంచి ఖుష్నుమా అరిచింది: "నావాడి తుపాకి పేలదు భాభీ! అడిగి తెలుసుకున్నా!"

"పేలకపోయినా తుపాకి తుపాకేనే!" అని తిరిగి అరిచింది వకీలా.