హద్దు తేలని నీళ్లు

జనగామ స్టేషన్‌లో రైలు దిగానో లేదో, టీ కొట్టు అన్న కేకేశాడు. "ఏడ తిరుగుతున్నవ్‌రా? మీ భూగోళం సార్ పోయిండు. పొద్దుగాల్నే మట్టి గూడ ఇచ్చిన్రు." సంచీ దించి అక్కడే కూర్చుండిపోయాను.

మా పక్కింటి సార్ భయస్తుడు. కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి, నిజం దాచి నివాళి రాయడం నాకు చేతకాదు. తలుపు చప్పుడైతే చాలు, చేతిలో టీ ఒలికేది. వార్తలు రేడియోకు చెవి ఆనించి వినేవారు. చెల్లెల్ని కరాచీకి ఇచ్చారు మరి. "భయపడేటోళ్లతోటి విప్లవం రాదు సార్" అని నేను ఎగిరితే, "రానియ్ బేటా, జర మెల్లగ రమ్మను. పక్కింటోళ్లు లేస్తరు" అనేవారు.

పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్న రోజులు. సార్ వరండాలో ట్యూషన్ పిల్లలకు గుజరాత్‌లోని కచ్ తీరం బోర్డు మీద గీసి చెబుతున్నారు. పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మనకూ నడుమ ఉప్పుబురదలోకి చొరబడ్డ సముద్రపు పాయ. పోటుకు ఆ నేల మునుగుతుంది, పాటుకు తేలుతుంది. సముద్రం చూడని పిల్లలకు వాగును చూపారు.

"వాగు అవుతల మీ పెద్దనాయిన పొలం, ఇవుతల మీది. వాగంత నాదే, హద్దు నీ ఒడ్డే అంటడాయన. నడుమకెల్లి అంటడు మీ బాపు. వాగేమో ఏటేటా జరుగుతది. గిప్పుడు హద్దేడ?"

"సర్పంచ్‌ను పిలువాలె సార్!"

అందరం నవ్వాం. ఆ నవ్వు ఎవరు మోశారో, పాకిస్తాన్ హద్దు గీయలేదన్న మాట ఠాణాకు చేరింది. సాయంత్రానికి జమేదారు వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు.

"గీత ఏది? నీళ్లన్ని మనయే అని గియ్యి. పొద్దుగాల వచ్చి చూస్త. లేకుంటే జైల్ల కూసొని గీస్తవ్."

నేను లేచాను. సార్ నా చెయ్యి పట్టుకున్నారు. "నోరు మూస్కో బేటా, నీకు దండం పెడ్త."

తెల్లారి పిల్లలు ముగ్గురో నలుగురో వచ్చారు. మిగతావాళ్లను ఇళ్లలో ఆపేశారు. సార్ తీరం గీశారు, పాయ గీశారు. వీధి చివర బూట్ల చప్పుడు. సుద్దముక్క విరిగింది. చదివిన కరపత్రాలన్నీ మరిచి నేను గోడవారకు జరిగాను. సార్ కిందపడిన ముక్క వంగి తీసుకుని, పాయ నడుమ నీళ్లలో రాశారు: "ఇక్కడి హద్దు ఇంకా తేలలేదు."

ఆయన్ను ఠాణాకు తీసుకుపోయి చీకటిపడ్డాక వదిలారు. లోపల ఏం జరిగిందో చివరిదాకా చెప్పలేదు. ఆ తర్వాత రేడియో కూడా పెట్టలేదు.

నాకు మాత్రం ఆ ఉదయమే కళ్లముందు ఆగిపోయింది. బూట్లు మెట్లెక్కుతున్నాయి. సార్ వెనక్కి తిరగకుండా, వణుకుకు వంకరపోయిన అక్షరాలను ఒక్కొక్కటే దిద్దుతున్నారు.