మంచు పగుళ్ళ దారికి నేను పెట్టిన సంతకం

2022 ఏప్రిల్‌లో నన్ను రూట్ రివ్యూ డెస్కుకు మార్చారు. అంతకుముందు పదిహేనేళ్ళు అదే సంస్థలో, కెనడాలోని రాకీ పర్వతాల మీది హట్‌ల మరమ్మతులు చూసే ఇంజనీరుగా పనిచేశాను. హట్ అంటే ఒక చెక్క గది, పడుకోవడానికి బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి. కాపలా మనిషి ఉండడు. ఒక హట్ నుంచి మరో హట్‌కు నడుస్తూ నాలుగైదు రోజులు కొండల్లో గడిపే బృందాలు ముందుగా మాకు ప్లాన్ పంపాలి. రోజుకు ఎంత దూరం, ఎంత ఎత్తు, ఏ గంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, వాతావరణం చెడితే ఏ లోయలోకి దిగాలి, అన్నీ అందులో ఉండాలి. దారిలో హిమానీనదం ఉంటే, తాడు కట్టుకుని మంచు మీద నడిచిన అనుభవం ఉందని ప్రతి ఒక్కరూ ఉత్తరం జతచేయాలి. నేను చదివి సంతకం పెడితేనే హట్ తాళం కోడ్ వాళ్ళకు వెళ్తుంది.

ఆ కుర్చీలో కూర్చున్నాక మనుషుల మీద నాకు గౌరవం తగ్గింది. వెనక్కి తిరిగే సమయం దగ్గర ‘మూడ్‌ను బట్టి’ అని రాసినవాళ్ళున్నారు. మాంట్రియల్ నుంచి ఒక ఐటీ బృందం ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌ను అత్యవసర సామగ్రి కింద చూపించింది. వాళ్ళలో ఒకాయన ఫోన్ చేసి, పప్పు ఉడకకపోతే అంతకన్నా అత్యవసరం ఏముంటుందని నన్నే అడిగాడు. ఇలాంటివి తిప్పి పంపడంలో నాకు కొంత ఆనందం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

అవి మన విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజులు. కొద్దిపాటి క్లాసులు, మిగతా సమయమంతా వేర్‌హౌసుల్లో షిఫ్టులు, సెలవు దొరికితే కొండలు. 2023 జులైలో బ్రాంప్టన్ నుంచి అలాంటి ఐదుగురి ప్లాన్ వచ్చింది. నాలుగు రోజులు, మూడు హట్‌లు, మూడోనాడు హిమానీనదం. ఎండకు మంచు మెత్తబడకముందే దాన్ని దాటేలా తెల్లవారుజామున బయలుదేరే సమయం వేశారు. ఐదుగురికీ అనుభవం ఉత్తరాలున్నాయి. ఒక్క తప్పు లేదు. ఇరవై నిమిషాల్లో సంతకం పెట్టాను. పైగా మా మేనేజర్‌కు చూపించి, మావాళ్ళు పని చేస్తే ఇలా ఉంటుందని గొప్పలు పోయాను.

మర్నాడు ఆ ఐదుగురిలో ఒకమ్మాయి, సింధు, ఫోన్ చేసింది. అనుమతి పత్రం మీద నా పేరు చూసి తెలుగువాడినని గ్రహించిందట.

“అంకుల్, ఒక డౌటు. క్రాంపాన్స్ హట్‌లోనే ఇస్తరా, మేమే కొనుక్కోవాల్నా?”

క్రాంపాన్స్ అంటే మంచు మీద జారకుండా బూట్ల కింద బిగించుకునే ఇనుప ముళ్ళు. తన ఉత్తరం ప్రకారం ఆ అమ్మాయి మూడు సీజన్లు వాటితో నడిచింది. ఇంతకుముందు మంచు మీద ఎక్కడ నడిచావమ్మా అని అడిగాను.

“మా బస్ స్టాప్ కాడ, అంకుల్.”

మిగతాది తనే చెప్పింది. వీసాకు ఎస్‌ఓపీ, అంటే ఏ ఉద్దేశంతో చదవబోతున్నారో చెప్పే వ్యాసం, రాసిచ్చిన కన్సల్టెంటే ఈ ప్లాన్ కూడా తయారుచేశాడు. ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఉద్యోగానికైనా, హిమానీనదానికైనా. తనకు భయంగా ఉందని, తను చెప్పినట్టు తెలిస్తే ఐదుగురూ కలిసి అద్దెకుండే బేస్‌మెంట్‌లో ఇక మిగతావాళ్ళతో ఉండలేనని అంది.

రొటీన్ తనిఖీ అని చెప్పి ఐదుగురినీ వీడియో కాల్‌లోకి పిలిచాను. హిమానీనదం మీద పగుళ్ళను పైమంచు కప్పేస్తుంది. అందుకే అందరూ ఒకే తాడుకు కట్టుకుంటారు; ఒకరు పగులులో పడితే మిగతా నలుగురు ఆపాలి, ఆపి పైకి లాగాలి. తాడును నడుముకు కట్టుకునే ముడి ఒకటి వేసి చూపించమన్నాను. వాళ్ళ దగ్గర తాడే లేదు. నాయకుడు వంశీ ఛార్జర్ వైరు తెచ్చి, అచ్చం పైజమా బొందు ముడి వేశాడు. ఒక్కసారి లాగితే ఊడిపోయింది.

“సర్, మనవాళ్ళే కదా, ఈసారికి చూసుకోండి సర్. అక్కడికెళ్ళాక యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటాం.”

అక్కడ సిగ్నల్ ఉండదని చెప్పి, నువ్వు పడితే నిన్ను పైకి లాగేదెవరని అడిగాను. వంశీ పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు గోడ వైపు చూశాడు.

“ఎవ్వరికీ రాదు, అంకుల్,” అంది సింధు. తన పేరు దాచమని అడిగిన అమ్మాయే, అందరి ముందూ చెప్పింది.

అనుమతి రద్దు చేశాను. ఒకసారి సంతకం పడిన ప్లాన్‌ను రద్దు చేయాలంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. పరిశీలించకుండా సంతకం చేశానని రాశాను. మేనేజర్ చదివి, ‘మావాళ్ళు’ అన్న మాట ఎత్తకుండా ఫైలు తిరిగి నా చేతికిచ్చింది. ఎత్తి ఉంటేనే బాగుండేది. బృందానికి గైడ్‌తో కింది లోయలోని హట్ ఇచ్చాం. వెళ్ళొచ్చారు. సింధు ఆ తర్వాత రెజైనా నగరంలోని కాలేజీకి మారిందని విన్నాను. ఎందుకని నేను అడగలేదు.

ఆ వారమే, ఎందుకో అనుమానం వచ్చి, ముందు ఏడాది నేను సంతకం పెట్టిన ఫైళ్ళు తీశాను. నాలుగు బృందాల్లో అవే ఉత్తరాలు, అక్షరం పొల్లుపోకుండా, పేర్లు మాత్రమే వేరు. నాలుగూ హిమానీనదం దాటి క్షేమంగా తిరిగొచ్చాయి. ప్రమాదం లేకుండా గడిచిన ఆ వేసవిని నా డెస్కు సమర్థతగా వార్షిక నివేదికలో రాశారు. రాసి ఇచ్చింది నేనే.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఉత్తరాలు అడగడం మానేసి, ప్రతి ఒక్కరిచేతా ముడి వేయించి చూశాను. ఆ నాలుగు బృందాల్లో ముడి వేయడం ఎంతమందికి వచ్చో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వేసవి వాళ్ళెవరూ పగులులో పడలేదు. అందులో నా పని ఏమీ లేదు.