ఫ్లాషు వెయ్యని హజరత్తయ్య

హజరత్తయ్య ఫ్లాషు వెయ్యడు. పెళ్ళికీ వెయ్యడు, పేరంటానికీ వెయ్యడు, మంత్రిగారే వచ్చి రిబ్బను కత్తిరించినా వెయ్యడు. "చీకటిగా ఉండాది కదన్నా" అని ఎవరైనా గొణిగితే, కెమెరా మీద చక్రం ఒకటి తిప్పి, "ఐఎస్ఓ పెంచినాలే" అంటాడు. బోగోలు చుట్టుపక్కల ఎప్పుడూ పెరగడమే గానీ తగ్గడం ఎరగనివి రెండే. ఒకటి డీజిలు ధర, రెండోది హజరత్తయ్య ఐఎస్ఓ.

ఫ్లాషు లేక కాదు. స్టూడియో బీరువాలో భద్రంగా ఉంది. విజయదశమి నాడు దాన్ని బయటికి తీసి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ డబ్బాలో పడుకోబెడతాడు. ఏడాది మొత్తంలో దానికి అదొక్కటే డ్యూటీ.

అసలు ఈ ఐఎస్ఓ ఏమిటని పెంచల్ ఒకసారి అడిగాడు. పెంచల్ జువ్వలదిన్నె హార్బరుకు ఐసు తోలే లారీ డ్రైవరు. వాళ్ళమ్మ గురవమ్మను హజరత్తయ్య "అక్కా" అంటాడు కాబట్టి వాడికి ఆయన మామ.

"వెలుతురు చాలకపోతే కెమెరా ఉన్నదాన్నే పెంచి చూపిస్తాదిరా. రేడియో సౌండు బాగా పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరగతాది కదా? ఫొటోలో ఆ గరగరే చుక్కలుగా పడతాది."

"ఆ గరగర మాకెందుకు మామా? ఫ్లాషు వేస్తే పోలా?"

"పాట వినరా అంటే గరగర వింటావేంది!"

ఆ చుక్కల బాధ పడనివాడు ఊళ్ళో లేడు. ఒక పుట్టినరోజుకి పిలిస్తే, కొవ్వొత్తులు ఆర్పేదాకా ఊరుకుని, ఆర్పాక మొదలుపెట్టాడు. "ఇందులో కేకు యాడుండాది?" అని పిల్లాడి తండ్రి అడిగాడు. "ఎడం పక్క నల్లంగా ఉండేది కేకు. కుడి పక్క నల్లంగా ఉండేది మీ బామ్మర్ది" అన్నాడు హజరత్తయ్య, ఏమాత్రం తడుముకోకుండా.

చిన్నపోలయ్య కొత్త బోటు పూజ మరీ విచిత్రం. ఇంకా తెల్లారకముందే గుమ్మడికాయ కొట్టి, బోటుని నీళ్ళలోకి దింపారు. హజరత్తయ్య ఎప్పటిలాగే ఐఎస్ఓ పెంచాడు. ఫొటో నిండా చుక్కలే చుక్కలు. చిన్నపోలయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసి, కళ్ళకద్దుకున్నాడు. "పూజ నాడు చినుకులు పడినాయి! గంగమ్మ తల్లి కరుణించింది! నేనే చూసుకోలా" అని హార్బరంతా చాటాడు. ఆ తరవాత కొత్త బోటు కొన్న ప్రతివాడూ స్టూడియోకొచ్చి, "మాక్కూడా చినుకులు పడాలన్నా" అనడం మొదలెట్టాడు. హజరత్తయ్య ఎవరినీ నిరాశపరచలేదు.

బోట్లకు చినుకులు బాగానే ఉంటాయి గానీ పెళ్ళికూతురి మొహం మీద ఎట్లా? పెంచల్ చెల్లెలు రోజారమణికి పెళ్ళి కుదిరినప్పుడు వాడికి పట్టుకున్న దిగులు ఇదే. దానికి తోడు రోజారమణి ఒక మెలిక పెట్టింది.

"నగలొద్దు, ఊరేగింపొద్దు. పెళ్ళిలో అమ్మతో నాకొక్క ఫొటో కావాలన్నా. అది లేకపోతే ఆల్బమే వద్దు."

వినడానికి ఎంత చిన్న కోరికో, తీర్చడానికి అంత కష్టం. మొగుడు పోయినప్పటి నుంచీ గురవమ్మ ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు. "నా మొహం ఎదురైతే ఏం శుభంరా" అని వంటల దగ్గరే ఉండిపోతుంది. కెమెరా కనిపించిందా, కొంగు మొహానికి అడ్డం వేసుకుని మాయమవుతుంది. కూతురు ఏడ్చి చూసింది, అలిగి చూసింది. గురవమ్మ కరగలేదు.

పెంచల్ స్టూడియోకి వెళ్ళాడు. "మామా, ఈ ఒక్కసారికి ఫ్లాషు తీసకరా. అమ్మ ఒక్క క్షణం కనబడినా పట్టెయ్యాల."

"చూద్దాంలే" అన్నాడు హజరత్తయ్య, లెన్సు తుడుచుకుంటూ.

ఆ "చూద్దాంలే" మీద నమ్మకం లేక, పెంచల్ కావలి నుంచి ఇంకో ఫొటోగ్రాఫరును కూడా పిలిపించాడు. ఆయన గొడుగు లైట్లు, స్టాండ్లు, ఇద్దరు మనుషులతో దిగాడు. గోధూళి ముహూర్తం. పందిరి ధగధగలాడిపోయింది. కావలి ఆయన చాలా ఉత్సాహవంతుడు. గురవమ్మ కోసం వంటల పందిట్లోకే జొరబడి ఫ్లాషు కొట్టాడు. మొదటి మెరుపుకి ఆమె గంగాళం వెనక్కి పోయింది. రెండో మెరుపుకి సామాన్ల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మూడో మెరుపుకి సాంబారు కలుపుతున్న వంటాయన గరిటె ఎత్తి, "కళ్ళు పొయ్యేటట్టుండాయి, ఇంక నువ్వు బయటికి నడువు" అన్నాడు.

ఇంత జరుగుతుంటే హజరత్తయ్య ఏం చేస్తున్నాడు? వడలు తింటున్నాడు. ఒక చేతిలో వడ, మెడలో కెమెరా, వంటల చుట్టూ ప్రదక్షిణ. పెంచల్ పళ్ళు కొరుక్కున్నాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి మేళం జోరందుకుంది, అందరూ పీటల వైపు తిరిగి అక్షింతలు ఎత్తారు. హజరత్తయ్య మటుకు పెళ్ళికి వీపు పెట్టి, చీకటిగా ఉన్న సామాన్ల గది వైపు తిరిగి కెమెరా నొక్కుతున్నాడు!

పెంచల్‌కి ఒళ్ళు మండిపోయింది. తాళి పడగానే పరిగెత్తుకెళ్ళాడు. "నీకేం పుట్టింది మామా! తాళి అక్కడ కడతా ఉంటే ఇక్కడ బియ్యం మూటలకి ఫొటోలా?"

హజరత్తయ్య కెమెరా వెనకున్న తెర వాడి మొహానికి పెట్టాడు.

నిండా చుక్కలు. ఆ చుక్కల మధ్య, ఓరగా తీసిన తలుపు సందులో వాళ్ళమ్మ. అంత దూరం నుంచి కూతురి మీదికి అక్షింతలు విసురుతోంది. అవి గడప కూడా దాటి ఉండవు. కళ్ళనిండా నీళ్ళు, నోరంతా నవ్వు. ఇంకోటి నొక్కాడు. మంగళస్నానం నాడు గోడ చాటు నుంచి తొంగి చూస్తున్న అమ్మ. ఇంకోటి. ఎవరూ చూడకుండా పెళ్ళికూతురి చెప్పులు తుడిచి పెడుతున్న అమ్మ.

"పెళ్ళిలో లైట్లన్నీ పీటల కాడే పెడతారబ్బోడా. ఇట్లాంటోళ్ళు నిలబడే చోట ఒక్కటీ ఉండదు. ప్రతి పెళ్ళిలోనూ ఒకామె ఉంటాది. ఫ్లాషు వేస్తే పారిపోతాది. అందుకని నేను ఫ్లాషు అలవాటే మానుకున్నా."

పెంచల్‌కి ఇన్నేళ్ళూ ఈ మనిషిని ఎంత ఏడిపించామో గుర్తొచ్చి సిగ్గేసింది. "చెల్లికి చూపిస్తా, ఇయ్యి మామా" అన్నాడు.

"ఉండు, ముందు మా అక్కకి చూపించాల" అని హజరత్తయ్య సామాన్ల గదిలోకి నడిచాడు.

గురవమ్మ తెర చూసింది. మొదట కూతుర్ని తలుచుకుని మురిసింది. తరవాత కళ్ళు చికిలించి ఇంకా దగ్గరగా చూసింది. మొహం మారిపోయింది.

"ఏందయ్యా ఇది? ఈ పసుపు మరకల చీరతోనా తీసినావు?"

"నువ్వు కట్టుకున్నదే కదక్కా."

"ఫొటోల పుస్తకంలో ఇదే ఉంటాదా? ఎప్పటికీ?"

"ఎప్పటికీ ఉంటాది. రేపు మీ వియ్యపురాలు కూడా చూస్తాది" అన్నాడు హజరత్తయ్య, మహా విచారంగా.

గురవమ్మ కెమెరా ఆయన చేతిలో పెట్టి, విసవిసా ఇంట్లోకి పోయింది. కాసేపటికి, పెంచల్ కొనిపెట్టిన వెంకటగిరి చీర మడత విప్పి కట్టుకుని, తల దువ్వుకుని పందిట్లోకొచ్చింది. మేళగాళ్ళు వాయించడం ఆపేశారు. ఆమె ఆడపడుచు గబగబా అడ్డమొచ్చింది. "వదినా, నువ్వు ముందుకి..."

"ఉండవమ్మా! ఆ మరకల చీరతో పడిన ఫొటో రేపు నా మనవళ్ళు చూస్తే ఏమనుకుంటారు? పక్కకి జరుగు."

రోజారమణి పీటల మీద నుంచి లేచి, తల్లి చెయ్యి రెండు చేతులా పట్టేసుకుంది, మళ్ళీ ఎక్కడ పారిపోతుందోనని. కావలి ఆయన ఫ్లాషు ఫెళ్ళున మెరిసింది. గురవమ్మ కదల్లేదు. కొంగు సర్దుకుని, గడ్డం కొంచెం పైకెత్తింది.

"ఒకటే తీసి ఊరుకుంటావా?" అంది. "ఇంకోటి తియ్యయ్యా, కళ్ళు మూసినానేమో."