ముసలమ్మ ఇంట్లో పెట్టె

నెల కిందట ఒక ఆదివారం కొబ్బరి పచ్చడి రుబ్బి మిక్సీ ఆపాను. ఆ మోత ఆగగానే వసారాలోంచి ఏడెనిమిది స్వరాల చిన్న పాట వినిపించింది. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి ఫోనులో పాత వీడియో గేములు వెతుక్కుంటూ ఒకటి తెరిచింది. అందులో ప్రయాణికులు సత్రంలో పడుకుని లేచినప్పుడు వచ్చే పాట అది. నేను విని పాతికేళ్లు దాటింది. "ఇది నీకెలా తెలుసమ్మా?" అంది నా మొహం చూసి. నాకు ముందు గుర్తొచ్చింది ఆట కాదు, ఎస్తేరు టీచరుగారు.

తొంభైల చివర్లో ఆవిడ రాజోలు దగ్గర మా ఊరి బళ్లో ఇంగ్లీషు చెప్పేవారు. మా పక్కింట్లో అద్దెకు ఒక్కరే ఉండేవారు. మస్కట్‌లో పనిచేసే తమ్ముడు సెలవుకొచ్చినప్పుడు టీవీకి తగిలించే వీడియో గేమూ, ఒకే ఒక్క క్యాసెట్టూ తెచ్చి ఇచ్చాడు. అక్కకు కథలిష్టం కదా, ఇది కథ ఆట అన్నాడట. నలుగురు ప్రయాణికులు ఊరూరా తిరిగి మనుషులతో మాట్లాడుతూ, దారిలో రాక్షసులతో పోరాడి బలం పెంచుకుని, చివరకు కొండ మీది పాముల రాజును ఓడించాలి. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఏడో తరగతి పరీక్షలో నేను ఇంగ్లీషు గట్టెక్కుతానన్న ఆశ అప్పటికి మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని టీచరుగారు నాకొక షరతు పెట్టారు. రోజూ సాయంత్రం గంటసేపు ఆడుకోవచ్చు, కానీ తెర మీద వచ్చిన ప్రతి వాక్యం పైకి చదవాలి, తెలుగులో చెప్పాలి, పొడుగు నోటుబుక్కులో రాయాలి.

ఆవిడ చేతిలో పడ్డాక ఆ ఆటలో కోట కాపలావాళ్లు కూడా మర్యాద నేర్చుకున్నారు. 'హాల్ట్' అంటే నేను 'ఆగు' అని చెబితే, "కాపలా ఆయన పెద్దాయన కదమ్మా, అలా కసురుతారా? 'కాస్త ఆగండి బాబూ' అను" అనేవారు. నవ్వకుండా అనేవారు, నవ్వేది నేనే. ఆ నవ్వులోనే పరీక్ష గట్టెక్కేశాను.

అలాంటి ఆటల్లో ఎవరింట్లోకైనా నడిచి వెళ్లిపోవచ్చు. మూలనున్న పెట్టె తెరిచి అందులోది సంచిలో వేసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఆడేవాళ్లందరూ చేసే పనే అది. టీచరుగారు మాత్రం చేయనివ్వలేదు. మొదటిసారి నేను పెట్టె దగ్గరకు వెళ్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఎవరూ చూడట్లేదండీ" అన్నాను.

"మీ అమ్మగారు ఇంట్లో లేనప్పుడు మీ బీరువా నేను తీస్తానా?"

"తీయరండీ."

"ఆయ్. మరి ఇదీ అంతే. అడవిలో దొరికింది తీసుకుందాం, దుకాణంలోది కొనుక్కుందాం. ఎవరింట్లోది మాత్రం వద్దు."

దాంతో మా ప్రయాణికులు మొండి కత్తులతో, చిరుగు చొక్కాలతో నానా అవస్థా పడుతూ మే నెల నాటికి కొండ కిందికి చేరారు. అక్కడొక ముసలమ్మ ఇల్లు, ఆ ఇంట్లో ఒక పెట్టె. ఆవిడతో మాట్లాడితే చెప్పే మాట నోటుబుక్కులో ఇప్పటికీ నా కోడిపిల్ల రాతలో ఉంది: "పెట్టెలోది మా ఆయనదండీ. యుద్ధం నుంచి వచ్చేక ఇద్దామని ఉంచేను."

అప్పుడే టీచరుగారికి ఏజెన్సీ వైపు బదిలీ అయింది. గురువారం సామాను లారీ వస్తుందన్నారు. ఆలోపు ఆట చివర చూడాలని నాకంటే ఆవిడకే ఎక్కువ ఉండేది. "తమ్ముడు ఉత్తరంలో అడిగేడే, చివర ఏమైందక్కా అని. ఏం రాయను?" అనేవారు. పాముల రాజు మమ్మల్ని ఏ రోజుకారోజు చిత్తుగా ఓడిస్తున్నాడు.

ఆదివారం ఆవిడ చర్చికి వెళుతూ, కొండ కింద చిన్న రాక్షసులతో పోరాడి బలం పెంచమని తాళంచెవి నాకిచ్చారు. నేను పదినిమిషాలు ఆ పని చేసి విసిగిపోయాను. లేచి వీధి తలుపు గడియ పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు. తెర మీద ముసలమ్మ ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచాను. ధగధగలాడే కత్తి. కరెంటు పోతే ఆడిందంతా పోతుందని సత్రానికి పరుగెత్తి సేవ్ చేశాను. ఆ క్యాసెట్లో సేవ్ చేసుకునే చోటు ఒక్కటే. పాతది చెరిగిపోయింది.

టీచరుగారు వచ్చి తెర చూశారు. "ఈ కత్తి ఎక్కడిదమ్మా?"

"దుకాణంలో కొన్నానండీ."

ఆవిడ నోటుబుక్కులో దుకాణం పేజీ తీసి చూసి మూసేశారు. అందులో ఆ కత్తి పేరు లేదు. ఆట ఆడే మీటల రిమోటు చేతిలోకి తీసుకుని తెర మీద ముసలమ్మ ఇంటికి వెళ్లారు. మూత తెరిచి ఉంది. దాని ముందు నిలబడి ఒక్కో మీటా నొక్కి చూశారు. కత్తి తిరిగి లోపల పెట్టే దారి ఎక్కడా దొరకలేదు. చివరకు ముసలమ్మతో మాట్లాడారు. ఆవిడ పాత మాటే చెప్పింది, పెట్టెలోది మా ఆయనదండీ అని.

"చూడమ్మా, ఈవిడకింకా తెలీదు" అన్నారు టీచరుగారు మెల్లగా. "తీసుకోడానికి మీట పెట్టేరు, తిరిగి ఇవ్వడానికి పెట్టలేదు."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఆ కత్తి పక్కన పెట్టించి, పాత కత్తే పట్టించారు. సామాను సర్దుకుంటూ బుధవారం దాకా రోజుకో గంట ఆడాం, ఓడిపోయాం. గురువారం లారీ ఎక్కేముందు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. ఆఖరి పేజీ పైన 'చివర' అని రాసి కింద ఖాళీ వదిలారు. "చూసినప్పుడు రాయి" అన్నారు. తరవాత ఆవిడ రాసిన ఉత్తరాలకు సిగ్గుతో జవాబివ్వలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లనని చూడ్డానికీ వెళ్లలేదు. నాలుగేళ్ల కిందట పోయారని తెలిసింది.

నేనిప్పుడు నర్సమ్మను. లంక ఊళ్లలో టీకాలకని ఇల్లిల్లూ తిరుగుతాను. తలుపు బార్లా తీసున్నా గడప బయట నిలబడి పిలుస్తాను. తోటివాళ్లు నా చాదస్తం చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ పాట విన్న రోజు నుంచి నెలరోజులు ఆ ఆట నేనే ఆడాను. ఏ ఇంట్లోనూ పెట్టె ముట్టుకోలేదు. పాముల రాజు దగ్గర ఎప్పటిలాగే ఓడిపోయాను. కిందికి దిగి చిన్న రాక్షసులతో ఓ పూటంతా పోరాడి, బలం మూడు మెట్లు పెంచుకుని మళ్లీ ఎక్కాను. పాత కత్తితోనే పడిపోయాడు. మూడు మెట్లు చాలు. ఆ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేదాకా చెప్పిన పని చేసుంటే సరిపోయేది. టీచరుగారి దారిలో వెళ్తే గెలవలేమనుకున్నాను ఇన్నేళ్లూ. గెలవగలమని ఆవిడకు చూపించే అవకాశం నేనే పాడుచేశాను.

ఆట ముగిశాక తెర మీద ఊళ్లన్నీ ఒకటొకటిగా కనిపించాయి. ముసలమ్మ ఇల్లూ వచ్చింది. పెట్టె మూసే ఉంది.

"అందులో ఏముందమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"వాళ్లది" అన్నాను.

బీరువాలోంచి నోటుబుక్కు తీశాను. కాగితాలు పచ్చబడ్డాయి, ఆవిడ రాసిన 'చివర' మాత్రం చెదరలేదు. దాని కింద రాశాను: "పెట్టె తెరవలేదండీ టీచరుగారూ. అయినా గెలిచేమండీ."