ఫ్రేముల నాగరాజు క్యూరేటర్ అయిన ఆదివారం

పోయిన ఆదివారం మా సిరుగుప్పలో బతికున్న మనిషికి సంతాపం జరిగింది. జరిపించింది నేనే. నవ్వకండి, ముందు టీ అందుకోండి, చెప్తాను.

బస్టాండు దగ్గర నాది ఫ్రేముల అంగడి అని మీకు తెలుసు కదా. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల ఫోటోలు. నిజం చెప్పాలంటే అంగడి నడిచేది ఈ చివరి బాపతు మీదనే. ఫోన్లో ఉన్న ఫోటో పట్టుకొస్తారు. పెద్దది చేయించి, బంగారు అంచు ఫ్రేము కట్టి, గంధం దండ తగిలించి, కింద చిన్న ఎర్ర బల్బు పెట్టి ఇస్తాను. ఏండ్ల తరబడి ఇదే పని. నేను ఎవరితో మాట్లాడుతున్నా చేతులు వాటి పాటికి అవి చేసుకుపోతాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

పక్కన కెంచనగుడ్డ ఊరి పిల్ల పల్లవి బళ్లారిలో డిగ్రీ చదువుతుంది, బొమ్మలు బాగా వేస్తుంది. తనూ స్నేహితులూ కలిసి మా ఊర్లో ఎగ్జిబిషన్ పెట్టాలని ఫ్రేముల కోసం నా దగ్గరికి వచ్చారు. నేను ఊరికే ఉండొచ్చు కదా. ఇది ఈ పక్కన పెట్టు, ఆ రెండూ ఒకచోట వద్దు అని సలహాలు మొదలుపెట్టాను.

"అంకుల్, మీరే మా క్యూరేటర్" అనింది పల్లవి.

"అంటే ఏంది పాపా, మేకులు కొట్టేదా?"

"అదీ చేయాల. ఏ బొమ్మ యాడ ఉండాల, దాని పక్కన ఏముండాల, లైటు ఎట్ల పడాల, అంతా మీ ఇష్టం. బొమ్మ గీసేది మేము, జనం దాన్ని ఎట్ల చూస్తారనేది మీ చేతిలో ఉండాది."

ఆ చివరి మాటలో ఎంత బరువుందో నాకు ఆదివారం దాకా తెలియలేదు. ఆ పూటకు మాత్రం పొంగిపోయాను. పిల్లలు 'క్యూరేటర్' అని బ్యాడ్జీ చేసిస్తే మెడలో వేసుకుని ఇంటికి పోయాను. అన్నం తింటున్నా తీయకపోయేసరికి మా ఇంటామె సరోజ, "సాంబార్లో పడ్తాది, వెనక్కేసుకో" అని మాత్రం అనింది. ఫోన్లో వీడియోలు చూసి, బొమ్మ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తల పక్కకు వంచి నిలబడేది కూడా నేర్చుకున్నాను.

పల్లవికి ఆ ఎగ్జిబిషన్ సరదా వ్యవహారం కాదు. బెంగళూరు ఆర్ట్ కాలేజీలో సీటొచ్చింది. వాళ్లింట్లో మాట చెల్లేది తాత యర్రిస్వామిది. పొలాలు, రెండు లారీలు ఆయన చేతిమీదుగానే నడుస్తాయి. "బొమ్మలేసి ఏం చేస్తావు యమ్మీ, బి.ఎడ్. చెయ్" అని తేల్చేశాడు. పల్లవి పోరి పోరి, ఒక్కసారి వచ్చి చూసి చెప్పమని ఒప్పించింది. తాత బొమ్మనే పెద్దగా వేసింది. నులక మంచం మీద కూర్చుని, తలకు రుమాలు, మీసాల చాటున చిన్న నవ్వు.

"ఈ బొమ్మ మీదనే ఉండాది అంకుల్ నా చదువు. బాగా కనపడేట్ల పెట్టండి."

"దీని ముందు నిలబడనోడు ఉండడు, చూస్తాండు" అన్నాను. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

ఎగ్జిబిషన్‌కు తీసుకున్న వడ్ల వ్యాపారుల హాల్లో కిటికీలన్నీ ఉత్తరం వైపే. వెలుతురంతా ఎదురుగోడ మీద పడుతుంది. తుంగభద్ర నది బొమ్మ, నాట్లేసే ఆడవాళ్ల బొమ్మ, మిల్లు ముందు లారీల బొమ్మ అన్నీ పక్కగోడలకు పెట్టి, ఎదురుగోడ మొత్తం తాతకిచ్చాను. అది దక్షిణం గోడ. మన ఇండ్లల్లో ఆ గోడ ఎవరి ఫోటోలకు వదిలిపెడతామో అందరికంటే బాగా తెలియాల్సింది నాకే. నాకు వెలుతురు తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆదివారం పొద్దున చివరిసారి చూస్తే తాత బొమ్మ బోసిగా అనిపించింది. ఏదో తక్కువైంది, ఏమిటో తెలియదు. అంతలో ప్రారంభోత్సవానికి పిలిచిన రిటైర్డ్ హెడ్మాస్టరు ఫోన్ చేసి దారి అడిగాడు. ఆయనకు మలుపులు చెప్పి పెట్టేసి చూద్దును కదా, బొమ్మ నిండుగా కళకళలాడుతోంది. ఇదిరా కావాల్సింది అనుకున్నాను. గంధం దండ, ఎర్ర బల్బు నా సంచిలోంచి గోడ మీదికి ఎప్పుడు పోయినాయో దేవుడి తోడు నాకు తెలియదు. ఇంకా సిగ్గుచేటు ఏమంటే, చూసినా తప్పనిపించలేదు. నా కంటికి ఫ్రేమంటే అట్లనే ఉండాలి.

తాతను తీసుకొస్తానని పల్లవి అప్పటికే స్కూటీ వేసుకుని బస్టాండుకు పోయింది, తక్కిన పిల్లలు బయట గేటు దగ్గర జనాన్ని పిలుస్తున్నారు. జనం వచ్చారు. పక్కగోడల దగ్గర కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు తాత బొమ్మ దగ్గరికి రాగానే గొంతు తగ్గించారు. ఒకాయన చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఒకామె చేతులు జోడించి, కొంగుతో కండ్లు ఒత్తుకుంది. ఒక కుర్రాడు బొమ్మను ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాను. లైటింగ్ అంటే ఇది, క్యూరేటర్ అంటే ఇది అని నాకు నేనే పొగుడుకుంటున్నాను.

హెడ్మాస్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎప్పుడైంది నాగరాజప్పా?"

బొమ్మ ఎప్పుడు వేసిందో అడుగుతున్నాడనుకున్నాను. "పోయిన నెలనే సార్. మూడు దినాల్లో అయిపోయింది."

"బాధ ఏమన్నా పడినాడా?"

"ఏం లేదు సార్. నవ్వుకుంటానే మంచం మీద కూర్చోనుండె."

"పుణ్యాత్ముడు" అని ఆయన నేరుగా మైకు దగ్గరికి పోయాడు. "ఈ హిరియరిగాగి ఎరడు నిమిష మౌన ఆచరిసోణ" అని కన్నడలో చెప్పి, ఈ పెద్దాయన కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని మళ్లీ తెలుగులో కూడా చెప్పి తల వంచాడు. హాలంతా తలలు వంచింది. అప్పుడు చూశాను నేను దండను.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర యర్రిస్వామి తాత. పల్లవి బయట స్కూటీ నిలుపుతూ ఉంటే తానొక్కడే ముందుగా లోపలికి వచ్చాడు. అందరూ తలలు వంచుకుని ఉండేసరికి, పెద్దమనిషి, ఆయన కూడా రుమాలు తీసి కండ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎట్లాగైనా మెల్లగా పోయి ఆ దండ లాగేద్దామని నేను ఒక అడుగేశాను. అంతలో తాత ఫోన్ మోగింది.

"హలో... నేను యర్రిస్వామినేప్పా మాట్లాడేది. ఏంది? స్టేటస్‌లో ఉండాదా? ఎవురు పోయినారు?... నేనా?"

"సుమ్నె ఇరప్పా, గమ్మునుండు, మౌనం జరగతాండాది" అని పక్కనున్నాయన కసురుకున్నాడు.

తాత ఫోన్ మూసి తలెత్తాడు. జనం తలల మీదుగా తననే చూస్తున్న తన ముఖం కనిపించింది. కసిరినాయన కూడా ఒకసారి గోడవైపు, ఒకసారి పక్కకు చూసి వెనక్కి జరిగాడు. తాత నడుచుకుంటూ ముందుకొచ్చాడు, అందరూ దారిచ్చారు. తలుపు దగ్గర పల్లవి నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నా చేతులారా ఆమె చదువుకు దండ వేసినట్టే కదా.

తాత చాలాసేపు బొమ్మనే చూశాడు. దండ పట్టుకుని వాసన చూశాడు.

"గంధం అసలుదేనా?"

"అసలుదే తాతా" అన్నాను.

ఇందాక కండ్లు ఒత్తుకున్న ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, నేను నీకు తెలుసునా?"

"తెలీదు తాతా. ఆ నవ్వు చూస్తే మా నాయన గుర్తుకొచ్చినాడు."

తాత మీసం దువ్వుకున్నాడు. "యమ్మీ, ఇట్ల రా. నన్నెరగని మనిషి నాకోసం ఏడ్చిందంటే అది దండ పనితనం కాదు, నీ చెయ్యి. బెంగళూరుకు పో. బి.ఎడ్. ఇంగ మాట్లాడను." పల్లవి వచ్చి తాతను పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కండ్లలో నీళ్లు తిరిగాయి, భయం తీరినందుకు సగం.

అంతటితో వదిలిపెట్టొచ్చు కదా. తాత దండ తీసి నా మెడలో వేశాడు. "గీసేది ఈ పాపకు వచ్చింది. తగిలించేది నీకు రాలేదప్పా. ఈయమ్మితో పాటు నువ్వూ పోయి నేర్చుకోని రా."

హాలంతా ఒకటే నవ్వు, ఫోన్లన్నీ నావైపే. దక్షిణం గోడ ముందు, మెడలో బ్యాడ్జీ, దాని మీద గంధం దండ, కింద ఎర్ర బల్బు వెలుతురు. సాయంత్రానికి ఆ ఫోటో ఊరంతా స్టేటస్‌లో తిరిగింది. చోరనూరు నుంచి మా బావ సరోజకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నాగరాజు ఎప్పుడు పోయినాడమ్మా?" అని అడిగాడు.

సరోజ నా వైపు తేరిపార చూసింది. "ఇంగా లేదన్నా. ఈడనే ఉండాడు, టీ తాగతాండాడు."