బొత్తాం పుట్టిల్లు

మా బావకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా రెండూ పడిపోయేయి. బావంటే నా మొగుడే. అనకాపల్లిలో మా ఇంటి ముందుగదిలోనే టైలరింగ్ షాపు పెట్టి, ఊళ్లో సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషి, "ఊ" తప్ప ఏమీ అనలేక మంచం పట్టేడు. "ఆయన మళ్లీ మాట్లాడాలంటే మీరు ఆపకుండా మాట్లాడుతూ ఉండాలమ్మా, ఆయనకి తెలిసిన విషయాలే" అన్నారు డాక్టరుగారు. నాకు అదొక లెక్కా! రిటైరైన ఇంగ్లీషు టీచర్ని.

కానీ ఎంత వాగుడుకాయకైనా సరుకు అయిపోతుంది కదా. ఒకరోజు షాపులోంచి బొత్తాల డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో ఆ మాట గురించి వెతికేను.

"బావా, ఈ బొత్తాం అన్న మాట మనది కాదట. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చి మన నోట్లో పెట్టేరట."

"ఊ."

"ఫ్రెంచివాళ్లు బుతోం అంటారు. చొక్కాకుండేదీ అదేనట, చెట్టుకి తొడిగే మొగ్గా అదేనట, మొహం మీద మొటిమా అదేనట! స్పెయిన్‌వాళ్లకి బొతోన్, ఇటలీవాళ్లకి బొత్తోనె. అన్నిటికీ మూలం తోసుకురావడమట. మొగ్గ కొమ్మని తోసుకుని వస్తుంది చూడు, అలాగ. జర్మనీవాళ్లు మాత్రం క్నొప్ఫ్ అంటారు, వాళ్లది వేరు కుంపటి."

"ఊ."

నాకు ఒళ్లు మండింది. "ఇన్ని దేశాలు తిప్పి తెచ్చేను, ఒక్కసారి బొత్తాం అనలేవేటి బావా?" అనేసేను. పాపం, పెదాలు కదిపేడు. రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగేయి. ఈ మనిషి ఇంక నాతో మాట్లాడడేమోనని ఆ రోజే నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు ఆస్పత్రికి బయల్దేరుతుంటే అతని చొక్కా పైబొత్తాం ఊడి వేలాడుతోంది. గుమ్మంలో ఆటో హారన్ కొడుతోంది. పడిపోయిన చేతిని చొక్కాలోంచి తియ్యడమంటే పెద్ద పని. సూదీ దారం తెచ్చి అలాగే కుట్టడం మొదలెట్టేను. మా వైపు ఒంటి మీదున్న బట్టని కుట్టరు, అలా పీనుక్కే కుడతారంటారు. తొందరలో నాకది తట్టనే లేదు.

ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. మొహం జేవురించింది.

"ఇప్పి... కుట్టు."

నా చేతిలో సూది జారిపోయింది.

"నానింకా... సావనేదే!"

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేయి. "నీ నోరు చల్లగుండ బావా" అంటూ చొక్కా విప్పడం మొదలెట్టేను.