పెరుగు పడకముందే ఎత్తిన విస్తరాకు

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లోకంలో మనుషులు రెండే రకాలని నా గట్టి నమ్మకం. గంట దూరం ఎగిరేవాళ్లు, పది గంటల దూరం ఎగిరేవాళ్లు. నేను మొదటి రకం. హైదరాబాద్ నుంచి విశాఖ, విశాఖ నుంచి బెంగళూరు అంటూ రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగే డొమెస్టిక్ క్యాబిన్ క్రూ. ఖమ్మం ఖానాపురం హవేలిలో పెరిగిన మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క, అదే కంపెనీలో రెండో రకం. వాళ్లు మమ్మల్ని సిటీ బస్సు అనేవారు. మేము వాళ్లను నిద్రమాత్రలు అనేవాళ్లం (తిండి పెట్టడం, లైట్లు ఆర్పి పడుకోబెట్టడం, అదే కదా వాళ్ల పని!). పైగా వాళ్లకు మనుషులు తక్కువైనప్పుడల్లా మాలో మెరుగైనవాళ్లను లాక్కుపోయేవారు. మిగిలిన మేము నలుగురి పని ముగ్గురం చేసేవాళ్లం. ఆ లాక్కుపోయినవాళ్లలో నేను ఒక్కసారీ లేకపోవడమే నా అసలు కడుపుమంట అని ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఆ మంట మండుతున్న రోజుల్లోనే మా నాన్న రిటైరయ్యాడు. నాన్న పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. ఆఖరి రోజు డ్యూటీ చేయనక్కర్లేదు, వచ్చి దండ వేయించుకుని వెళ్లమన్నారట. నాన్న వినలేదు. మధ్యాహ్నం రెండింటి షిఫ్ట్ చేసే ఇంటికొస్తానన్నాడు. ఆ వెళ్లేముందు తన షిఫ్ట్ వాళ్లందరికీ కాలనీలో మా క్వార్టర్ ముందు షామియానా వేసి కడుపునిండా భోజనం పెట్టాలని ఆయన కోరిక. షరతు ఒక్కటే. ఒకటింపావుకు కాలనీ మలుపులో కంపెనీ బస్సు ఆగుతుంది, తిన్నవాళ్లంతా అందులో ఉండాలి. వీళ్లు వెళ్లి పని అందుకునేదాకా పొద్దుటి షిఫ్ట్ వాళ్లు మిషన్ల దగ్గర నుంచి కదలకూడదు మరి. "నా సర్వీసుల ఒక్కనాడు గూడ అవతలోణ్ణి నిలవెట్టలే. ఇయ్యాల నిలవెడితే ఆ మచ్చ మోసుకొని ఇంట్ల కూసోవాలె," అన్నాడు.

పన్నెండయింది. వంట ఘుమఘుమలాడుతోంది, షిఫ్ట్ వాళ్లు రెండు బంతులుగా ఎదురెదురుగా కూర్చున్నారు. వడ్డించేవాళ్లు మాత్రం రాలేదు. పెనుబల్లిలో ఏదో పెళ్లి ముహూర్తం ఆలస్యమై అక్కడే చిక్కుకుపోయారట. అమ్మ నెత్తి పట్టుకుంది. నాకైతే ఒళ్లు పులకరించింది! సెలవు మీద వచ్చిన అక్క కూడా అప్పటికే కొంగు దోపుకుంటోంది. ఎడమ బంతి నాది, కుడి బంతి తనది అని ఎవరూ చెప్పకుండానే పంచుకున్నాం. "ఆగమాగం చెయ్యకు," అంది అక్క. నువ్వు నిద్రపుచ్చకు అన్నాను నేను.

ఇక చూడాలి నా వేగం. పప్పు, కోడికూర, పచ్చిపులుసు, సాంబారు, ఒకదాని వెనక ఒకటి, గరిటె కింద పడకుండా, చుక్క చిందకుండా! పన్నెండున్నర దాటేసరికి సాంబారు అన్నాలు అయిపోయాయి. అవతల అక్క బంతిలో ఇంకా చేతులు తుడుచుకుంటున్నారు (అమ్మ దాచుకున్న కొత్త న్యాప్‌కిన్లు వేడి నీళ్లలో ముంచి, మడతపెట్టి, ఒక్కొక్కరికీ వంగి ఇచ్చింది మహాతల్లి. ఫిట్టర్ బాబాయి దానితో మెడా, చంకలూ కూడా తుడుచుకున్నాడు). గెలిచానన్న సంబరంలో ఒకసారి గడియారం చూశాను. అంతే, నా బుర్రలో విమానం దిగడం మొదలుపెట్టింది. విమానం దిగుతోందంటే నములుతున్నా సరే ట్రే తీసేయడమే మా అలవాటు. పెద్ద సంచీ పట్టుకుని బంతి మొదటినుంచీ విస్తరాకులు చకచకా ఎత్తేశాను.

నాలుగో ఆకు నాన్న షిఫ్ట్‌కు పెద్ద అయిన చార్జ్‌మన్ మామది. మామ చెయ్యి పెరుగన్నం కోసం గాల్లోనే ఉండిపోయింది. మా ప్రాంతంలో బంతి భోజనాల్లో పెరుగు పడకుండా ఆకు ఎత్తడమంటే లేచి పొమ్మన్నట్టే. పైగా ఈయన, ఒక పెళ్లిలో ముక్క తక్కువ పడిందని ఆ ఇంటి గడప మూడేళ్లు తొక్కని మనిషి. "బిడ్డా, నేనేం తప్పు చేసిన? ఇస్తరాకు గుంజుకున్నవ్," అని మెల్లగా లేచాడు. ఒకరు లేస్తే బంతంతా లేవడం ఆచారం. లేచారు.

అవతల అక్క పరిస్థితీ అంతే. ఒక్కొక్కరి దగ్గరా వంగి "పప్పు తీసుకుంటరా, పచ్చిపులుసు తీసుకుంటరా" అని అడిగి, ఏదో ఒకటే వడ్డిస్తోంది! "గిట్లయితే నేను గూడ రిటైరయినంకనే కూర వస్తదేమో," అన్నాడు ఫిట్టర్ బాబాయి.

షామియానా గుంజ దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ఒక్క నిమిషం వాచీ చూసుకున్నాడు. తిట్టలేదు. "ఇద్దరు షిఫ్ట్ మారుండ్రి. నువ్వటు పో, అది ఇటొస్తది," అన్నాడు, అంతే.

మారాం. అక్క కొత్త విస్తరాకులు తెచ్చి, మొదటిది మామ ముందు పరిచి, తన పది గంటల గొంతుతో, "మామా, అది చిన్నది. ఉరుకుడే గాని కూసోవెట్టుడు తెల్వదు. నా చేత్తోని పెరుగేస్త, కూసోండి," అంది. ఇంకో రోజైతే ఆ మాటకు నేను భగ్గుమనేదాన్ని. ఆ రోజు మామ కూర్చుంటే చాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. కూర్చున్నాడు! ఆయన వెనక బంతంతా కూర్చుంది. నేను అక్క బంతిలోకి దూకాను. కూర, పులుసు, సాంబారు, అన్నీ అందరికీ, అడగడాల్లేవు. అటు అక్క రెండోసారి పెరుగు వేస్తుండగా ఇటు నేను మొదటిసారి వేశాను. ఫిట్టర్ బాబాయి వేళ్లు నాక్కుంటూ లేచేసరికి మలుపులో బస్సు హారన్ కొట్టింది. అందరూ ఎక్కారు, చివర నాన్న ఎక్కాడు, బస్సు కదిలింది. అక్కా నేనూ చేతులు చరుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరినొకరం కావలించుకున్నాం.

అప్పుడు అమ్మ గడపలోంచి అడిగింది, "మీ నాయిన తిన్నడా?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. వందల మందికి వడ్డించి జీతాలు తీసుకునేవాళ్లం, ఎవరి పేరున ఈ భోజనాలో ఆయనకే పెట్టలేదు! అక్క అన్నీ టిఫిన్ క్యారియర్‌లో సర్దింది, నేను మూతలు బిగించాను. అక్క స్కూటీ నడుపుతుంటే క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి అక్కను తొందర తొందర అన్నాను, ఆమె నా మాట విన్నది. బస్సు మిగతా మలుపులన్నీ చుట్టి వెళ్తుంది గనక, మేం స్టేషన్ గేటు దగ్గరికి చేరేసరికి నాన్న అప్పుడే బస్సు దిగుతున్నాడు. రెండు చేతులా క్యారియర్ అందించాను. నాన్న దాన్ని అందుకుని, బరువు చూసి, నా మొహంలోకి చూశాడు.

"పెరుగు వెట్టినవా?"

అవ్ నాన్నా అన్నాను. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయాడు. రెండింటి సైరన్ మోగింది. పొద్దుటి షిఫ్ట్ వాళ్లు టైముకే బయటికొచ్చారు.

మరుసటేడాది నన్నూ పది గంటల విమానాల్లోకి లాక్కుపోయారు. ఇప్పుడు మాకు మనుషులు తక్కువైతే డొమెస్టిక్ నుంచి పిల్లలను పంపుతారు. వాళ్లు కళ్లు మెరిపిస్తూ, ఎవరిమీదో గెలవాలన్నట్టు చకచకా ట్రేలు ఎత్తేస్తుంటే నాకు కోపం రాదు, సంచీ పట్టుకుని బంతి వెంట ఉరికిన ఆ పిల్లే కనిపిస్తుంది. మెల్లగా వాళ్ల మణికట్టు పట్టుకుని ఆపుతాను. ఆ ట్రేలోకి వంగి, పెరుగు గిన్నె ఖాళీ అయిందా అని ఒక్క క్షణం ఎందుకు చూస్తానో పాపం వాళ్లకు తెలియదు.